మా నాయన పేరు చదవడానికి ఎవరి పర్మిషన్ కావాలి?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో ఒక రైల్వే ఊరు. ఊరి పేరు, నా పేరు రాయొద్దండి. ఇంటి దగ్గరే జాకెట్లు, చుడీదార్లు కుట్టుకుంటా. మా నాయన స్టీమ్ ఇంజన్ మీద ఫైర్‌మన్. 1974 మే నెల రైల్వే సమ్మెలో ఆయన ఉద్యోగం పోయింది. నాకప్పుడు ఏడేండ్లు. క్వార్టర్ ఖాళీ చేసి మా అవ్వోళ్ళ పల్లెకు పోయినాం. నాయన మూటలు మోసినాడు, అమ్మ కూలికి బుడ్డలు ఒలిచింది, మా అక్క బడి మానేసింది. 1977లో నాయన్ను మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు గానీ, అక్క మళ్ళీ బడికి పోలేదు.

నాయన పోయి మూడేండ్లయింది. ఆయన ట్రంకు పెట్టెలో ఒక డైరీ దొరికింది. ఆ సమ్మెలో మా ఊర్లో ఉద్యోగాలు పోయినవాళ్ళ పేర్లు వరసనంబర్లు వేసి రాసి పెట్టుకున్నాడు. నలభై మూడు. అందులో ఇప్పుడు బతికుండేది నలుగురో ఐదుగురో. మే 8వ తేదీ సాయంత్రం ఆ పేర్లు పైకి చదివి, పేరుకొక దీపం పెడదామని, పేర్లు ఫ్లెక్సీ మీద వేయిద్దామని అనుకున్నాం. అంతే సార్, ఊరేగింపు లేదు, జెండా లేదు.

ఒక హాలుకు రెండు వేలు అడ్వాన్సు ఇస్తే నాలుగు రోజులకు వెనక్కిచ్చి "వేరే బుకింగ్ ఉందమ్మా" అన్నారు. ఆ రోజు అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. పోలీస్ స్టేషన్‌కు పోతే "సెక్షన్ 30 ఉంది, కుదరదు" అని నోటితోనే చెప్పి పంపినారు, అర్జీ కూడా తీసుకోలేదు. మా తమ్ముడు "పాత గాయాలు ఎందుకు గెలుకుతావక్కా" అంటాడు. వాని మామ ఆ సమ్మెలో డ్యూటీకి పోయినాయన. నా కొడుకుది ఒక ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం, వానికి భయం. మా ఆడబిడ్డ కొడుకేమో "జూన్ 25న గవర్నమెంటే ఎమర్జెన్సీ దినం చేస్తోంది కదా, అందులో కలిపెయ్ అత్తా" అంటాడు. నేను చేసేది తప్పా? చేయాలంటే ఎట్ల చేయాల?

సమాధానం:

అమ్మా,

తప్పు కాదు. ఇంత జాబు రాసి చివర్లో ఆ ముక్క అడగాల్సి వచ్చిందంటే మీ చుట్టూ ఉన్నవాళ్ళు మిమ్మల్ని ఎంత నలిపారో తెలుస్తోంది. అందుకే ఆ సంగతి ముందే తేల్చేస్తున్నా. పేర్లు నలుగురిలో చదువుకోవడానికి ఈ దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎక్కడ, ఎన్నింటికి, మైకు పెట్టా పెట్టకుండానా అనేవాటికే నియమాలు. చదవొచ్చా లేదా అన్నది ఎవరి టేబుల్ మీదికీ పోవాల్సిన ఫైలు కాదు.

ఊరి పేరు రాయను. గుంతకల్లో, గుత్తో, చదివేవాళ్ళు ఏదో ఒకటి అనుకోనీ. నాదీ పట్టాల పక్క పల్లెనే. తర్వాత ముప్పై ఏళ్ళు గుత్తి కోర్టులో నల్లకోటు వేసుకున్నా గానీ, 1974 మే నెలకు నేను ఇంటర్ పరీక్షలు రాసి ఊళ్ళో ఖాళీగా తిరిగేవాణ్ణి. మా జేజికి గడియారం చూడటం రాదు. పొద్దున ప్యాసింజరు కూత వినబడితే ఎసరు పెట్టేది. మధ్యాహ్నం గూడ్సు పోతే మా తాతకు సద్ది మూట పంపేది. ఆ నెలలో ఆమె లెక్కంతా తప్పిపోయింది. "రైలుకేం రోగమొచ్చిందిరా?" అని రోజూ అడిగేది. సమ్మె అని చెబితే కాసేపు ఆలోచించి, "రైలు గూడా అలుగుతాదా?" అనింది. సమ్మె గురించి నేను విన్న మొదటి వ్యాఖ్యానం అదే.

మీ ఊరి కుర్రవాళ్ళకు కథ మొదటినుంచీ తెలియదు కాబట్టి నాలుగు మాటల్లో చెప్తా. మీ సభలోనూ ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది. రైల్వే కార్మికులు అడిగింది ముఖ్యంగా ఎనిమిది గంటల పని, బోనసు, మిగతా ప్రభుత్వ రంగ కార్మికులతో సమానమైన జీతాలు. ఎనిమిది గంటలంటే ఇప్పటివాళ్ళకు చిన్న కోరికలా వినబడుతుంది. మీ నాయన చేసిన పని గుర్తు తెచ్చుకోండి. మన అనంతపురం మే ఎండ, ముందు మండే కొలిమి, చేతిలో బొగ్గు పార. ఇంజన్ మీదికి ఎక్కినవాడు ఎప్పుడు దిగుతాడో ఇంట్లోవాళ్ళకు తెలిసేది కాదు. మే 2నే సమ్మె నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ను లక్నోలో పట్టుకున్నారు. మే 8న సమ్మె మొదలైంది. దేశం మొత్తం మీద 17 లక్షలమంది దాకా పని ఆపారు. ప్రభుత్వం సమ్మె చట్టవిరుద్ధమంది. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్, విచారణ లేకుండా లోపల పెట్టే మీసా చట్టం బయటికి తీసింది. వేలమందిని జైళ్ళలో పెట్టారు, వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, దేశంలో చాలా చోట్ల ఆడవాళ్ళను, పిల్లలను సామాన్లతో సహా క్వార్టర్ల బయట నిలబెట్టారు. బళ్ళు నడపడానికి టెరిటోరియల్ ఆర్మీని దించారు. 20 రోజులకు, మే 27న, సమ్మె విరమించారు. ఏమీ రాలేదు.

ఆ 20 రోజుల మధ్యలో మే 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగింది. మీ ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉంటే వాళ్ళ జీకే పుస్తకం తీసి చూడండి. 1974 మే నెల అంటే పోఖ్రాన్ ఉంటుంది. సమ్మె ఉండదు. ఎవరో కూర్చుని కుట్ర పన్ని చెరిపారని నేననను. ఎవరూ పైకి చెప్పుకోకపోతే ఏదైనా అట్లాగే పోతుంది.

మీరు పంపిన ఫొటోల్లో నన్ను ఆపింది డైరీ కాదు, ఆ తీసివేత కాగితం. సైక్లోస్టైల్ కాపీ. మొత్తం ముందే తయారై ఉంది. పేరు, హోదా, తేదీ ఉండాల్సిన చోట చుక్కలు వదిలి, ఆ చుక్కల మీద నీలి సిరాతో మీ నాయన పేరు నింపారు. పేరు పొడుగై పక్కనున్న అచ్చు అక్షరం మీదికి ఎక్కింది. కింద రూల్ 14, రెండో క్లాజు అని ఉంది. అది 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ నియమాల్లోది. విచారణ జరపడం ఆచరణలో కుదరదని పై అధికారికి అనిపిస్తే, ఆ కారణం కాగితం మీద రాసి, విచారణ లేకుండానే మనిషిని తీసేయొచ్చు. ఛార్జిషీటు ఉండదు, సంజాయిషీ ఉండదు. ఒక్కొక్కరి విషయంలో ఎందుకు కుదరదో విడిగా ఆలోచించి రాయాల్సిన కారణం అది. చుక్కలు నింపే ఫారంలో ఆ ఆలోచన ఎంత జరిగిందో మీరే చూసుకోండి. ఆ రూలు ఇప్పటికీ పుస్తకంలో ఉంది. అట్లా తీసేసే అధికారం చెల్లుతుందని 1985లో తులసీరామ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. "అదంతా పాత కథ" అనేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి. ఈరోజు ఉద్యోగంలో చేరే పిల్లవాడి మెడ మీదా ఆ క్లాజు ఉంది.

ఇక సెక్షన్ 30. మన జిల్లాల్లో ఈ మాట వినని నెల ఉండదు. పేపర్లో లోపలి పేజీలో ఒక మూల "సబ్‌డివిజన్‌లో సెక్షన్ 30 అమలు" అని చిన్న వార్త వస్తుంది. గడువు అయిపోగానే ఇంకొకటి. జనం దాన్ని వాన, ఎండ మాదిరి అలవాటు చేసుకున్నారు. అది 1861 నాటి పోలీసు చట్టంలోది. అందులో ఉన్నది రోడ్ల మీద, వీధుల్లో జరిగే సభలను, ఊరేగింపులను క్రమబద్ధం చేసే అధికారం. శాంతిభద్రతలకు భంగం వస్తుందనిపిస్తే లైసెన్సు తీసుకోమని నిర్వాహకులను అడగొచ్చు, షరతులు పెట్టొచ్చు. నాలుగు గోడల మధ్య, మీ ఇంటి కాంపౌండులో, మిద్దె మీద కూర్చుని దీపాలు పెట్టుకునేవాళ్ళ మీద ఆ సెక్షన్ పడదు. రోడ్డు మీదైనా సరే, క్రమబద్ధం చేయడం వేరు, మొత్తానికే వద్దనడం వేరు. అహ్మదాబాద్‌కు సంబంధించిన హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు యాభై ఏళ్ళ కిందటే ఈ తేడా చెప్పింది. వీధుల్లో సభ పెట్టుకోవడాన్ని అధికారి ఇష్టాయిష్టాలకు వదిలేసిన నియమాన్ని కొట్టేసింది.

మన రాష్ట్రంలోనే దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 డిసెంబర్ 28న కందుకూరులో ఒక రాజకీయ సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకు గుంటూరులో ముగ్గురు. ఆ వెంటనే 2023 జనవరి 2న రోడ్ల మీద సభలు దాదాపు వద్దనే తీరులో జీవో నంబర్ 1 వచ్చింది. ప్రాణాలు పోయిన మాట నిజం, జనాన్ని అదుపు చేయాల్సిన అవసరమూ నిజం. అయినా ఆ ఏడాది మే నెలలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. పదకొండు ప్రాణాలు పోయిన తర్వాత తెచ్చిన నిషేధమే నిలవలేదమ్మా. నలభై మూడు ప్రమిదలకు నోటిమాటతో పెట్టిన నిషేధం ఏం నిలుస్తుంది? ఏ పార్టీ గద్దె మీద ఉన్నా వాళ్ళు చేసేదొకటే, దిగిపోయాక అరిచేదీ ఒకటే. నేను చూసిన ఏ ప్రభుత్వమూ ఇందులో మడి కట్టుకోలేదు.

ఒకవేళ సెక్షన్ 144 అన్నారనుకోండి, ఇప్పుడు దాని పేరు మారింది. 2024 జులై 1 నుంచి అది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 163. అది కాగితం మీద ఉండాలి, కారణాలు రాసి ఉండాలి, మామూలుగా రెండు నెలలకు మించి ఉండకూడదు. "గొడవ చేస్తామని కొందరు అంటున్నారు" అనేది మిమ్మల్ని ఆపడానికి కారణం కాదు. గొడవ చేసేవాళ్ళను ఆపడం ప్రభుత్వం పని అని 1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. స్టేషన్‌కు మళ్ళీ పోయి కౌంటర్ దగ్గర నిలబడొద్దు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. "అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థన" అని మొదలుపెట్టొద్దు, మనవాళ్ళకు చెయ్యి అట్లాగే పోతుంది. "తెలియజేయునది" అని రాయండి. మే 8 సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు, మా సొంత ఇంటి కాంపౌండులో, సుమారు అరవైమంది, 1974 సమ్మెలో ఉద్యోగాలు పోయిన పెద్దల పేర్లు చదివి దీపాలు వెలిగిస్తాం, ఊరేగింపు ఉండదు. ఇంతే. అభ్యంతరం ఉంటే కారణంతో రాతపూర్వకంగా తెలపమని చివర్లో ఒక వాక్యం. డీఎస్పీ ఆఫీసుకు ఒకటి, స్టేషన్‌కు ఒకటి స్పీడ్ పోస్టులో పంపి రశీదులు డైరీలోనే పెట్టుకోండి. నోటితో వద్దన్నవాళ్ళలో కాగితం మీద వద్దని సంతకం పెట్టేవాళ్ళు తక్కువ. నా వకీలు బతుకంతా ఈ ఒక్క సూత్రం మీదే నడిచింది. మైకు వద్దు. మైకుకు విడిగా రాతపూర్వక అనుమతి కావాలి, ఆ పేరుతో సభే ఆగిపోతుంది. అరవైమందికి మీ గొంతు చాలు.

నిజంగానే రాసి వద్దన్నారా, హైకోర్టులో రిట్ వేయొచ్చు. లాయరుకు డబ్బెక్కడిదని భయపడొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. అనంతపురంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయి ఒక అర్జీ ఇవ్వండి. అందుకు టైం ఉండాలి కాబట్టి ఉత్తరాలు ఇప్పుడే పంపండి.

హాలు సంగతి వదిలేయండి. ప్రైవేటు హాలువాళ్ళు ఇవ్వమంటే మనం చేయగలిగింది తక్కువ, అడ్వాన్సు తిరిగిచ్చారు కాబట్టి అసలు లేదు. రైల్వే స్థలం కూడా వద్దు, అక్కడ ఆ శాఖ అనుమతి లేకుండా కుదరదు. మీరు ఆ క్వార్టర్ ముందే దీపం పెట్టాలని మనసులో అనుకుంటున్నారని నాకు తెలుసు. ఒక్కరే పోయి ఆ వీధిలో నడిచి రండి, అది చాలు.

రాతలో తీసుకోమని ఎందుకింత పట్టుబడుతున్నానంటే, హాంకాంగ్‌లో ఏం జరిగిందో చూడండి. 1989 జూన్ 4న బీజింగ్‌లో తియానన్మెన్ చౌక్ దగ్గర చైనా సైన్యం నిరసనకారులను కాల్చి చంపింది. చైనాలో దాని మాటెత్తనివ్వరు గానీ, హాంకాంగ్‌లో మాత్రం 1990 నుంచి 2019 దాకా ఏటా ఆ రాత్రి విక్టోరియా పార్కులో వేలమంది కొవ్వొత్తులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. 2020లో కరోనా పేరు చెప్పి వద్దన్నారు. అప్పుడది సబబైన కారణంలాగే కనబడింది. మరుసటి ఏడాదీ వద్దన్నారు. 2021లోనే ఆ సభ నడిపే సంఘం మూతబడింది, నిర్వాహకులు జైళ్ళకు పోయారు. చైనాలో ఇంటర్నెట్‌లో జూన్ 4 అని రాస్తే చెరిపేస్తారని జనం "మే 35" అని రాసుకున్నారు. మే నెలకు 35 రోజులు లెక్కపెట్టుకుంటే తేదీ దొరుకుతుంది. మన పరిస్థితి అది కాదు. మనకు కోర్టులున్నాయి, ఈ జవాబు నేను నా పేరుతో రాయగలుగుతున్నా. కానీ అక్కడా మొదటి ఏడాది అది ఒక "ఈసారికి వద్దులే" మాత్రమే.

మీ తమ్ముడి దగ్గరికొద్దాం. అసలు కష్టం ఇక్కడుంది, స్టేషన్‌లో కాదు.

గాయం గెలకొద్దు అనే మాట మన సీమలో చెల్లేది కాదని వానితో వాదించొచ్చు. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి, తల ఏళ్ళ తరబడి వేలాడదీశారు. జనం భయంతో మరిచిపోవాలని చేసిన పని. వాళ్ళేమో పాట కట్టుకుని ఊరూరా పాడారు. కానీ ఈ వాదన మీ ఇంట్లో పనికిరాదు, ఎందుకంటే నరసింహారెడ్డిని చంపింది కుంపిణీవాళ్ళు, అంటే ఈస్టిండియా కంపెనీ తెల్లవాళ్ళు. మీ కథలో అవతలివైపు ఉన్నది మీ మరదలి తండ్రి.

నాకూ అట్లాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. మా అమ్మ తమ్ముడు, సిగ్నల్ క్యాబిన్‌లో లీవర్‌మన్. సమ్మె 20 రోజులూ డ్యూటీ చేశాడు. పోలీసులు వెంట ఉండి తీసుకుపోయి, వెంట ఉండి తెచ్చి దింపేవాళ్ళు. ముగ్గురు ఆడపిల్లలు, పెద్దదాని పెళ్ళి జూన్‌లో పెట్టుకున్నారు. ఎందుకు పోయాడని నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మా అత్త కాలనీ కొళాయి దగ్గరికి పోయి వరసలో బిందె పెట్టేది. వెనక్కి తిరిగి చూసేసరికి ఆ బిందె వరసలోంచి పక్కకు జరిగి ఉండేది. ఎవరూ తిట్టలేదు. ఎవరు జరిపారో కనబడదు. ఆమె మళ్ళీ తెచ్చి చివర్లో పెట్టేది. నేనొకసారి తోడుపోయి చూశాను, ఆ ఇత్తడి బిందె గచ్చు మీద గీసుకుంటూ పోయిన చప్పుడు మాత్రం విన్నా. పనికి వచ్చినవాళ్ళకు ప్రభుత్వం "లాయల్" అని పేరు పెట్టింది, వాళ్ళ పిల్లలకు ఉద్యోగాలు ఇస్తామంది, ఇచ్చింది కూడా. ఆ హామీల మీద కేసులు కోర్టుల్లో ఏళ్ళకేళ్ళు నడిచాయి. మా మామకు కొడుకుల్లేరు, ఆడపిల్లల్ని ఉద్యోగానికి పంపే ఆలోచన ఆ ఇంట్లో లేదు. ఉద్యోగం రాలేదు, కొళాయి దగ్గర వరసా తిరిగి రాలేదు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అందుకే చెప్తున్నా. మే 8 కంటే ముందు, తమ్ముణ్ణి వెంటబెట్టుకోకుండా, మీరొక్కరే ఆ పెద్దాయన దగ్గరికి పోండి. డైరీ తీసుకుపోండి. "ఎందుకు పోయినావు మామా" అని మాత్రం అడగొద్దు. "ఆ పొద్దు స్టేషన్ ఎట్లుండె మామా" అని అడగండి. ఆయన ఎనభై దాటినవాడు, ఇన్నేళ్ళలో ఆయన్ను ఆ మాట అడిగినవాళ్ళు ఉండరు. చెప్తే వినండి, వీలైతే ఫోన్‌లో రికార్డు చేయండి. లేచిపొమ్మంటే లేచి రండి. సభలో నలభై మూడు పేర్లే చదవండి. డ్యూటీకి పోయినవాళ్ళ పేర్లు చదవొద్దు, ఎవరైనా లేచి ఆ జాబితా మొదలుపెడితే ఆపండి. అట్లాగని అందరూ ఒక్కటై నిలబడ్డారని అబద్ధమూ చెప్పొద్దు. కొందరు పోయారు, ఊరు రెండుగా చీలింది అని ఒక్క వాక్యం చాలు. మీ తమ్ముడు భయపడుతున్నది గాయానికి కాదు, వాళ్ళ మామ పేరు పైకి వస్తుందని. రాదని వానికి చెప్పండి.

సమ్మె సరైనదా కాదా అనే వాదన కూడా అక్కడికి వస్తుంది, రానివ్వండి. ధరలు మండిపోతున్న ఏడాది, బొగ్గు, తిండిగింజలు కదలకపోతే దేశం ఏం కావాలని ప్రభుత్వం అప్పుడు అడిగింది. దానికి జవాబులున్నాయి, వాటికి ఎదురు జవాబులూ ఉన్నాయి. సమ్మె తప్పనుకునే మనిషి కూడా పిల్లల్ని వీధిలో నిలబెట్టడం ఒప్పని అనలేడు. అన్నాడే అనుకోండి, అననివ్వండి. మన నోరు తెరుచుకోవాలని అడిగేవాళ్ళం వాళ్ళ నోరు ఎట్లా మూస్తాం?

జూన్ 25తో కలపమన్న కుర్రవాడిది మంచి బుద్ధే. కేంద్రం 2024లో ఆ రోజును రాజ్యాంగ హత్యా దినంగా ప్రకటించింది. ఎమర్జెన్సీ మన సీమకూ కొత్త కాదు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి 1976 జులై 28న అజ్ఞాతంలోనే కన్నుమూశారు. 1977 ఎన్నికల్లో ఉమ్మడి రాష్ట్రంలో 42 సీట్లకు 41 కాంగ్రెస్‌కు పోతే, నంద్యాలలో గెలిచిన ఒకే ఒక్క జనతా అభ్యర్థి మన జిల్లావాడైన నీలం సంజీవరెడ్డి. ఆ రోజు ఎవరైనా సభ పెడితే పోయి కూర్చోండి. కానీ మీ తేదీని అందులో పోసి కలపొద్దు. మీ నాయన ఉద్యోగం పోయింది ఎమర్జెన్సీకి పదమూడు నెలల ముందు, 1971 యుద్ధంనాటి అత్యవసర పరిస్థితి ఇంకా ఎత్తేయని కాలంలో, మామూలు రోజులనుకున్న రోజుల్లో. అది పోతే మీ కథలో సగం పోయినట్టే. ఇంకొకటి, ప్రభుత్వం పెట్టిన రోజును ప్రభుత్వం తీసేయగలదు. మీ నాయన డైరీలోని తేదీ వాళ్ళ గెజిట్‌లో లేదు, తీసేసే వీలూ లేదు.

మీ కొడుకును ముందు వరసలో కూర్చోబెట్టొద్దు. కాంట్రాక్టు ఉద్యోగం, వాని భయం వట్టిది కాదు. తాత పేరు చదివే చోట మనవడు ఉండటం నేరమేమీ కాదు గానీ, ప్రసంగం చేయకుండా, ఫొటోలు పెట్టకుండా ప్రమిదల్లో నూనె పోస్తే సరిపోతుంది.

పేర్లు ఫ్లెక్సీ మీద వేయించాలని రాశారు. ఫ్లెక్సీకి మున్సిపాలిటీతో ఇంకో తగులాటం. చేతిలో కుట్టుమిషన్ పెట్టుకుని ఫ్లెక్సీ ఎందుకమ్మా? తెల్ల కోరాగుడ్డ తెచ్చి పేర్లు మీరే కుట్టండి. మీ అక్క ఎక్కడున్నారో రాయలేదు. ఉంటే పిలిపించండి. డైరీలో ఉద్యోగాలు పోయిన మగవాళ్ళ పేర్లే ఉన్నాయి, బడి పోయిన పిల్లల లెక్క ఎవరూ రాయలేదు. ఆమె రెండు నిమిషాలు మాట్లాడితే బాగుంటుంది. మాట్లాడనంటే బలవంతపెట్టొద్దు.

జాబితా విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తా. ప్రతి పేరుకూ ఆ ఇంటివాళ్ళను కలిసి ఒప్పుకోలు తీసుకోండి. వద్దన్న ఇంటి దీపం పెట్టండి, పేరు చదవొద్దు. తీసివేత కాగితం ఉన్నవాళ్ళది జిరాక్స్ తీసి పెట్టుకోండి. లేనివాళ్ళు తమ తండ్రి సర్వీసు రికార్డు కోసం సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అర్జీ పెట్టుకోవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. రికార్డు లేదని జవాబొచ్చినా ఆ జవాబునూ దాచుకోండి.

డైరీ పేజీ ఫొటోను పెద్దది చేసి చూశాను. 17వ వరసలోనూ 31వ వరసలోనూ ఒకే పేరుంది, రెండు చోట్లా ఇంటిపేరు లేదు. మీ నాయన ఒకే మనిషిని రెండుసార్లు రాసుకున్నాడో, ఆ పేరుతో ఇద్దరుండేవాళ్ళో నాకు తెలీదు. బతికున్న ఆ నలుగురైదుగురికి తెలిసి ఉంటుంది. గుడ్డ కత్తిరించక ముందే, ఈ వారంలోనే పోయి అడగండి. ప్రమిదలు నలభై రెండు కొనాలో నలభై మూడు కొనాలో దాన్ని బట్టే.